పారబోయాల్సిన నీళ్ళు

నేను బన్సీలాల్‌పేట్‌లో పుట్టి పెరిగినదాన్ని. మా అత్తమ్మది శ్రీకాకుళం అవతల, సముద్రపు గాలి తగిలే ఊరు. మామయ్యకు రైల్వేలో ఉద్యోగం రావడంతో సీతాఫల్‌మండి వచ్చి, ఆయన రిటైరయ్యాక కూడా అక్కడే ఉండిపోయారు. వాళ్ళబ్బాయీ నేనూ మాదాపూర్‌లో ఒకే కంపెనీలో పనిచేస్తూ ప్రేమించి పెళ్ళి చేసుకున్నాం. కాపురానికి వచ్చిన కొత్తలో నేను "గట్ల కాదు అత్తమ్మా" అంటే ఆవిడ నవ్వేది. ఆవిడ "ఏటమ్మా" అంటే నేను నవ్వేదాన్ని. ఆ నవ్వులన్నీ వంటింటి గడప దాకానే. గడప దాటి నేను లోపలికి అడుగు పెడితే "నీకు ఆఫీసుకి టైమవుతాది కదా" అని చాలా మర్యాదగా బయటికి పంపేసేది.

నాకేం బాధ లేదు. వంట రానిదాన్ని వంటింట్లోంచి పంపేస్తే బాధెందుకు? పైగా ఆవిడ చారు అంటే నాకు ప్రాణం. సాయంత్రం రైల్లో నిలబడి వచ్చి, సికింద్రాబాదు స్టేషన్లో దిగి, షేర్ ఆటోలో ఇరుక్కుని ఇల్లు చేరేసరికి ఆ పోపు వాసన మెట్ల మీదే ఎదురొచ్చేది. చెప్పులు విడవకముందే గ్లాసుడు చారు తాగేదాన్ని. మా వైపు పచ్చిపులుసు తాగి పెరిగిన నాలుకను ఆ చారు పూర్తిగా తనవైపు తిప్పేసుకుంది.

మా పెళ్ళయిన రెండో ఏడు అత్తమ్మ కాళ్ళకు వాపులొచ్చాయి. నిలబడి నిలబడి వచ్చిన వాపులే అని ఆవిడా, బీపీ మాత్ర మార్చాలేమో అని మామయ్యా అనుకుంటూ నెలలు గడిపేశారు. చివరికి పరీక్షలు చేయిస్తే రెండు కిడ్నీలూ చాలావరకు పాడయ్యాయని తేలింది. కిడ్నీ డాక్టరు పెద్దాయన, ముక్కుసూటి మనిషి. పోయిన కిడ్నీ తిరిగి రాదన్నాడు. ఉన్న కాస్తా నిలబెట్టుకోవాలన్నాడు. ఒంట్లో పొటాషియం ఎక్కువగా ఉందనీ, అది ఇంకా పెరిగితే గుండెకే ప్రమాదమనీ చెప్పాడు. మూడు నెలలు చూస్తానని, అప్పటికీ ఇలాగే ఉంటే డయాలిసిస్‌కు సిద్ధం కావాలని అన్నాడు. దానికి ముందుగా ఎడమ చేతిలో ఒక చిన్న ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలుపుతారట. ఆ చేత్తో ఇక బరువులెత్తకూడదు, ఆ చేతికి సూది గుచ్చనివ్వకూడదు, బిగుతుగా గాజులు వేసుకోకూడదు. ఇప్పటినుంచే ఆ చేతిని జాగ్రత్తగా చూసుకోమన్నాడు.

ఇంటికొచ్చి అత్తమ్మ ఎడమ చేతి గాజులన్నీ తీసేసింది. ముత్తయిదువ చెయ్యి బోసిగా ఉండకూడదని వాటి స్థానంలో పసుపు రాసిన దారం ఒక పోగు కట్టుకుంది. "ఇప్పుడే ఎందుకు తీసిండ్రు? ఆపరేషన్ ఇంకా కాలే గదా" అన్నాను.

"ఈ చెయ్యి డాక్టరుగారిదమ్మా. మనది కాదు. అలవాటు చేసుకోవాల కదా" అంది.

ఆ మాట అన్న తీరు చూసి నాకు ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమూ వచ్చింది. మూడు నెలలు గడువిచ్చిన తర్వాత మొదటి రోజే ఓడిపోవడమేంటి? నాకు ఓడిపోవడం చేతకాదు. చిన్నప్పుడు అష్టాచెమ్మాలో ఓడిపోతే గవ్వలు దాచేసిన మనిషిని నేను. ఆవిడ ఎడమ చెయ్యి డాక్టరుకు దక్కకుండా చూస్తానని ఆ రోజే మనసులో పంతం పట్టాను.

ఆసుపత్రిలో డైటీషియన్ అని ఒకమ్మాయి ఉండేది. నాకంటే చిన్నదే కానీ మాట మాత్రం హెడ్మాస్టరులా ఉండేది. కొబ్బరినీళ్ళు, అరటిపండు, టమాటా, ఆకుకూరలు వద్దంది. ఉప్పు, పప్పు, చింతపండు బాగా తగ్గించమంది. మిగతా కూరగాయలు కూడా చెక్కు తీసి, సన్నగా తరిగి, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, మళ్ళీ ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు తీసేసి వండమంది. పొటాషియం నీళ్ళలోకి దిగిపోతుందట. అత్తమ్మ అన్నిటికీ తల ఊపింది. ఇంటికొచ్చి అన్నీ చేసింది కూడా. ఆనపకాయ, బీరకాయ, క్యాబేజీ, ఏదైనా సరే ముందు నానబెట్టేది, తర్వాత ఉడికించి వార్చేది. సారమంతా పోయిన ఆ కూరను నోరెత్తకుండా తినేది. కొడుకూ కోడలూ కూడా అదే తినాలని మామయ్య శాసనం చేశాడు. మేమూ తిన్నాం. చారు ఒక్కటే మమ్మల్ని ఆదుకుంది. టమాటా లేదు, పప్పు కట్టు లేదు, చింతపండు పేరుకే ఉంది. అయినా చారు మాత్రం ఇదివరకటికన్నా చిక్కగా, ఇదివరకటికన్నా బాగుండేది. "అత్తమ్మా, ఇంకో గ్లాసు" అని నేను అడగని పూట లేదు. "చారు నాకూ కొంచెం ఉంచవే" అని ఆవిడా మాతో సమానంగా తాగేది. తినేది తగ్గిపోయిన మనిషి కనీసం చారైనా ఇష్టంగా తాగుతోందని మేం సంతోషించాం.

నెల తిరిగాక రక్తపరీక్ష చేయిస్తే పొటాషియం తగ్గలేదు సరికదా, కాస్త పెరిగింది.

డైటీషియన్ ఆ రిపోర్టు చూసి నావైపు తిరిగింది. "ఇంట్లో ఎవరో కొబ్బరినీళ్ళు ఇస్తున్నారు. లేకపోతే ఇలా ఉండదు. మీరు చదువుకున్నవాళ్ళు, కొంచెం శ్రద్ధ పెట్టండి" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. రోజూ ఒకరు రాసిన ప్రోగ్రాములో తప్పులు పట్టి నలుగురిలో నిలబెట్టడం నా ఉద్యోగం. అలాంటి నన్ను పట్టుకుని శ్రద్ధ లేదంటుందా? ఇంటికి రాగానే ఒంటికాలి మీద లేచాను. మొదట మా ఆయన్ని పట్టుకున్నాను.

"నువ్వే తెస్తున్నవ్ గదా కొబ్బరిబోండాలు? నిజం చెప్పు."

"నేనా? నేను ఇంటికొచ్చేసరికి బోండాల బండి ఉంటుందా అసలు?" అన్నాడు. అదీ నిజమే. పని తెమలక వాళ్ళ టీమంతా చీకటి పడ్డాకే బయటపడేవాళ్ళు.

తర్వాత మామయ్య గదిలో అరటిపండ్ల కోసం వెతికాను. ఆయన కళ్ళజోడులోంచి చూసి, "నా దిండు కింద కూడా చూడమ్మా" అన్నాడు. చూశాను. పాత రైల్వే టైంటేబుల్ తప్ప ఏం దొరకలేదు. ఈ గొడవంతా వింటూ అత్తమ్మ గుమ్మం దగ్గర నిలబడి, పసుపు దారం కట్టిన చేతిని రెండో చేత్తో నిమురుకుంటోంది. "ఎందుకే వాళ్ళమీద పడతావు? నా రాత అలగుంది" అంది. రాత కాదు, ఎక్కడో తప్పుందని నాకు తెలుసు. మా వృత్తిలో తప్పు కనపడకపోతే చేసే పని ఒకటే. ఊహించడం మానేసి, మొదటినుంచి చివరిదాకా ఒక్కో మెట్టూ కళ్ళతో చూడాలి.

శనివారం పొద్దున్నే పీట తెచ్చి వంటింటి గడప దగ్గర వేసుకుని కూర్చున్నాను.

"ఏటమ్మా, పోలీసు కాపలా?" అంది అత్తమ్మ.

"మీరు వండుకోండి అత్తమ్మా. నేనేం అనను. జెర చూస్త, గంతే."

మూతి ముడిచి పనిలో పడింది. క్యాబేజీ తరిగింది. కడిగింది. వెచ్చటి నీళ్ళు పోసి నానబెట్టింది. ఎంత ఓపిగ్గా చేసిందో చూస్తుంటే, ఈ మనిషిని అనుమానించినందుకు ఆ డైటీషియన్ని చెడామడా తిట్టాలనిపించింది. నానిన క్యాబేజీని గిన్నెలో వేసి నిండా నీళ్ళు పోసి ఉడికించింది. ఉడికాక మూత వారగా పెట్టి నీళ్ళు వార్చింది. ఆ నీళ్ళు తూములోకి పోలేదు, పొయ్యి పక్కనున్న స్టీలు గిన్నెలోకి పోయాయి. అంతకుముందు క్యాబేజీ నానబెట్టిన నీళ్ళూ ఆ గిన్నెలోనే ఉన్నాయి. నేను చూస్తూ కూర్చున్నాను. అత్తమ్మ ఆ గిన్నెను పొయ్యి మీదికి ఎక్కించి, కాస్తంత చింతపండు పిసికి, మిరియాల పొడి వేసి, కరివేపాకు తుంచి, పోపు పెట్టింది. చుయ్యిమన్న చప్పుడుతో నాకు రోజూ మెట్ల మీద ఎదురయ్యే ఆ వాసన వంటిల్లంతా నిండింది.

నేను పీట మీదినుంచి లేచి నిలబడ్డాను. "అత్తమ్మా, గీ నీళ్ళతోని చారు పెడుతున్నరా మీరు? రోజూ గిట్లనేనా?"

"మరేటి చెయ్యాల? ఉడికించిన నీళ్ళు ఎవరైనా పారబోస్తారా? బలమంతా అందులోనే ఉంటాది. మా అమ్మ పారబొయ్యనేదు, మా అత్త పారబొయ్యనేదు."

"డైటీషియన్ తీసెయ్యమన్నది గదా అత్తమ్మా."

"కూరలోంచి తీసెయ్యమంది, తీశాను. చారులో వెయ్యొద్దందా?"

నిజంగానే ఎవరూ చారు ఊసు ఎత్తలేదు. అత్తమ్మ వైపు ఆడవాళ్ళకు ఉడికిన నీళ్ళంటే చారుకు మూలం. ఉలవలు ఉడికితే ఆ నీళ్ళు చారు, కందిపప్పు ఉడికితే ఆ కట్టు చారు. టమాటా వద్దన్నాక, పప్పు తగ్గించమన్నాక, కోడలు ఇష్టంగా తాగే చారుకు రుచి తేవడానికి ఆవిడకు దారి అదొక్కటే కనిపించింది. పొద్దుట్నుంచి కష్టపడి కూరలోంచి బయటికి తీసిన పొటాషియాన్నంతా గ్లాసులో పోసుకుని తాగుతోంది మహాతల్లి. పక్కన కూర్చుని "ఇంకో గ్లాసు" అంటూ నేను.

నాకు ముందు నవ్వొచ్చింది. ఆపుకోలేక గోడకు ఆనుకుని నవ్వాను. అత్తమ్మ బిక్కమొహం వేసింది. నేను దగ్గరికి వెళ్ళి ఆ చేతులు పట్టుకుని, గిన్నెలో ఏముందో మెల్లగా చెప్పాను. అంతా విని, తనే మసిగుడ్డతో గిన్నె దించి, బాల్కనీలోకి తీసుకెళ్ళి పెట్టి, చల్లారాక బచ్చలి తీగ కుండీలో పోసింది. తూములో పొయ్యడానికి మాత్రం ఆ తర్వాత కూడా ఏనాడూ ఆవిడకు మనసొప్పలేదు. ఆ నీళ్ళు తాగి తాగి బచ్చలి ఆకులు పళ్ళేలంత అయ్యాయి. మేం తినకూడదు కాబట్టి ఇరుగుపొరుగంతా కోసుకెళ్ళేవాళ్ళు. "నా జబ్బంతా అదే తాగుతోంది" అని ఆవిడ వాళ్ళకు చెబుతుంటే వాళ్ళు కాస్త భయపడుతూనే కోసుకునేవాళ్ళు.

మళ్ళీ డైటీషియన్ దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. తల ఎత్తుకునే చెప్పాను. ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "ఇకనుంచి అందరికీ చారు గురించి కూడా చెబుతాను" అంది. ఆ ఒక్క మాటతో మా మధ్య పాత లెక్క తీరిపోయింది. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుని, "రోజూ విరేచనం సాఫీగా అవుతుందా అమ్మా?" అని అత్తమ్మను అడిగింది. అత్తమ్మ ఫ్యాను వైపు చూసింది. ఆవిడ ఊళ్ళో అలాంటివి కన్నతల్లికి కూడా చెప్పరట. "రోజూ పరేషానే మేడం. రెండు మూడు రోజులకోసారి" అని నేనే చెప్పాను. అత్తమ్మ నా తొడ గిల్లింది.

అప్పుడు ఆ అమ్మాయి చెప్పిన సంగతి మేమెవ్వరం అంతకుముందు వినలేదు. మన పేగుల్లో లెక్కలేనన్ని సూక్ష్మజీవులు కాపురం ఉంటాయట. కిడ్నీలు బయటికి పంపలేని మలినం పేగుల్లోకి చేరి వాటి మధ్య పొత్తు చెడగొడుతుందట. మంచివి తగ్గి, మాంసకృత్తులను కుళ్ళబెట్టేవి పెరుగుతాయి. అవి తయారుచేసే విషాన్ని కూడా మళ్ళీ ఆ నీరసపడ్డ కిడ్నీలే మొయ్యాలి. మలబద్ధకం ఉంటే, విరేచనంతో పొటాషియం బయటికి పోయే దారి కూడా మూసుకుపోతుంది. అందుకని మంచివాటికి మేత వెయ్యాలి. మనకు అరగని పీచే వాటికి మేత. దాన్ని ప్రీబయాటిక్ అంటారని చెప్పి, "ఇది మందుకు బదులు కాదు, జబ్బును నయం చెయ్యదు. మందుతో పాటు సాయం చేస్తుంది" అని రెండుసార్లు హెచ్చరించింది.

నేను ఆ పేరు పలకడానికే తంటాలు పడుతుంటే అత్తమ్మ ఫ్యాను మీదినుంచి చూపు దించింది.

"అంటే తరవాణి కుండలాగన్నమాట" అంది.

డైటీషియన్‌కూ నాకూ అర్థం కాలేదు. అత్తమ్మకు ఉత్సాహం వచ్చింది. వాళ్ళ ఊళ్ళో ప్రతి ఇంట్లో ఓ కుండ ఉండేదట. అన్నం వార్చిన గంజి రోజూ అందులో పోస్తారు, అది పులుస్తుంది. పొద్దున్నే ఆ పుల్లటి తేట చద్దన్నంలో పోసుకుని పనికి పోతారు. కుండను ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చెయ్యరు. "రోజూ గంజి పోస్తే కమ్మగా పులుస్తాది. పొయ్యడం మానీసినా, వేరే ఏదైనా పడినా కంపు కొడతాది. నా కడుపు ఇప్పుడు కంపు కొట్టిన కుండ. అంతే కదమ్మా?"

"అంతేనండీ" అంది డైటీషియన్. హెడ్మాస్టరు గొంతు ఎటుపోయిందో తెలియదు.

ఆ రోజునుంచి మా ఇంట్లో కొత్త చుట్టాలు దిగారు. అత్తమ్మ వాళ్ళకు 'లోపలివాళ్ళు' అని పేరు పెట్టింది. డైటీషియన్ ఒప్పుకున్న మేరకు, రాత్రి చల్లారబెట్టిన అన్నం పొద్దున్న ఉప్పు లేకుండా ఉల్లిపాయతో తినేది. వార్చిన కూరలో వెల్లుల్లి దట్టంగా వేసేది. మందుల షాపులో దొరికే తెల్లటి పీచు పొడి నీళ్ళలో కలుపుకుని తాగేది. తాగాక పొట్ట మీద చెయ్యి వేసుకుని, "తినండర్రా, బాగా తినండి" అనేది. నేను ఆఫీసునుంచి ఫోన్ చేసి, "లోపలోళ్ళకు పెట్టిండ్రా?" అని అడిగితే, పక్క సీటు అమ్మాయి మా ఇంట్లో పెళ్ళి జరుగుతోందనుకుంది. మొదటి వారం నిజంగానే పెళ్ళిలా ఉండేది. ఆ గ్యాసూ, ఆ చప్పుళ్ళూ భరించలేక మామయ్య పేపరు తీసుకుని మెట్ల మీద కూర్చునేవాడు. "పొడి కొంచెం కొంచెంగా పెంచమన్నారు కదా, ఒకేసారి అంత పోస్తావేంటమ్మా?" అని మా ఆయన గోల. తగ్గించి, మళ్ళీ నెమ్మదిగా పెంచాం.

ఒకరోజు పొద్దున్నే బాత్రూం తలుపు తట్టి మామయ్య వెనక్కొచ్చాడు. "మీ అత్తగారు లోపలుంది. నిన్న కూడా ఇదే వేళకు ఉంది" అన్నాడు. ఆ వేళ ఎన్నో ఏళ్ళుగా ఆయనది, ఆయన పేపరుది. కాసేపటికి తలుపు తీసుకుని అత్తమ్మ బయటికి వచ్చింది. ఎవరివైపూ చూడలేదు. కానీ ఆ నడక చూడాలి. ఎన్నికల్లో గెలిచినవాళ్ళు కూడా అంత నిటారుగా నడవరు. ఫ్యానువైపు చూసిన మనిషి, ఆ పూట తనే నా దగ్గరికి వచ్చి, చెవిలో "రోజూ" అని చెప్పి వెళ్ళింది. నేను టిఫిను ప్లేటు పక్కన పెట్టి చప్పట్లు కొట్టాను.

ఇక చారు. కొత్త చారు ఉత్త మంచినీళ్ళతో పెట్టేది. వెల్లుల్లి, మిరియాలు, జీలకర్ర, చివర్లో రెండు నిమ్మచుక్కలు, అంతే. ఉప్పు ఆనవాలు కూడా లేదు. మా ఆయన ఒకసారి నోరు జారి, "అమ్మా, చారులో రుచి లేదు" అన్నాడు.

"రుచి ఉన్న చారే నన్ను తినీసిందిరా. నోరు మూసుకుని తాగు" అంది. అందరం నోళ్ళు మూసుకుని తాగాం.

గడువు పూర్తయ్యాక పెద్ద డాక్టరు దగ్గరికి నేనూ అత్తమ్మే వెళ్ళాం. ఆ రోజు మా కంపెనీలో ముఖ్యమైన పని ఉంది. సెలవు కుదరదన్నాడు మా మేనేజరు. కుదురుతుందని చెప్పి వచ్చేశాను. బయట బెంచీ మీద కూర్చున్నంతసేపూ అత్తమ్మ కొంగును ఎడమ చేతి మీద కప్పుకునే ఉంది. లోపల డాక్టరు పాత రిపోర్టు పక్కన కొత్త రిపోర్టు పెట్టుకుని చూశాడు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"పొటాషియం దిగింది. యూరియా కూడా తగ్గింది. క్రియాటినిన్ పెరగకుండా అక్కడే నిలబడింది. ఏం చేశారు?"

"చారు మార్చినం సార్" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. మేం విడమరిచి చెప్పలేదు కూడా, ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. "జాగ్రత్తగా ఉండాలి, ఇది పోయే జబ్బు కాదు" అని ఆయన మళ్ళీ గుర్తుచేశాడు. మందులు మానొద్దన్నాడు, పరీక్షలు తప్పొద్దన్నాడు. తర్వాత, "ఆపరేషన్ మాత్రం ఇప్పట్లో అవసరం లేదు" అన్నాడు.

అత్తమ్మ కొంగు తీసింది. పసుపు దారం ఉన్న చేతిని బల్ల మీద పెట్టింది. "అయితే బాబూ, ఈ చేతికి గాజులేసుకోవచ్చా?"

"ప్రస్తుతానికి హాయిగా వేసుకోండమ్మా. బిగుతుగా ఉండకుండా చూసుకోండి చాలు" అన్నాడు.

ఆసుపత్రి మెట్లు దిగి నేను ఆటో పిలిచాను. సీతాఫల్‌మండి అని నేను చెప్పేలోపే అత్తమ్మ, "జనరల్ బజారు" అంది. ఎండ నడినెత్తిన ఉంది. గాజుల కొట్లో ఎర్రవి, పచ్చవి, గొట్టాల్లా పేర్చిన వరసల ముందు కూర్చుంది. కొట్టతను వచ్చి అలవాటుగా, "కుడి చెయ్యి ఇయ్యమ్మా" అన్నాడు.

అత్తమ్మ ఎడమ చెయ్యి చాపింది. పసుపు దారాన్ని తనే పంటితో కొరికి తెంపేసింది.

"ఇది నా చెయ్యి బాబూ. నిండా వెయ్యి" అంది.